బేజ్ కొవ్వు: చలికి పుట్టి వేడినిచ్చే కణాలు

1. కొవ్వు కణాల్లో మూడు రకాలు

బేజ్ కొవ్వు కణాలు తెల్ల కొవ్వు మధ్య అక్కడక్కడ పుట్టి, ఇంధనాన్ని వేడిగా మార్చే కణాలు. ఉండే చోటును బట్టి అవి తెల్ల కొవ్వుకు చెందినవి, చేసే పనిని బట్టి గోధుమ రంగు కొవ్వుకు దగ్గరివి. చలి తగిలితే పెరుగుతాయి, వెచ్చదనం తిరిగొస్తే తగ్గిపోతాయి. తక్కిన రెండు రకాల పక్కన పెట్టి చూస్తేనే వాటి ప్రత్యేకత తెలుస్తుంది.

తెల్ల కొవ్వు కణాన్ని దాదాపు పూర్తిగా ఒకే పెద్ద కొవ్వు బొట్టు ఆక్రమించి ఉంటుంది. కేంద్రకం ఒక అంచుకు ఒదిగిపోతుంది, మైటోకాండ్రియా కొద్దిగానే కనిపిస్తాయి. తిండి ఎక్కువైనప్పుడు ట్రైగ్లిజరైడ్లను దాచుకోవడం, ఆకలి వేళ వాటిని ఫాటీ ఆమ్లాలుగా విడగొట్టి రక్తంలోకి వదలడం దాని ప్రధానమైన పని. లెప్టిన్, అడిపోనెక్టిన్ వంటి హార్మోన్లను కూడా అదే తయారు చేస్తుంది. చర్మం కింద ఒక భాగం, పొట్ట లోపల అవయవాల చుట్టూ మరొక భాగం ఉంటాయి. ఈ రెండు చోట్ల ఉన్న కొవ్వు ఆరోగ్యం మీద చూపే ప్రభావం ఒకటి కాదు. పొట్ట లోపలి కొవ్వు పెరిగితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. చర్మం కింది కొవ్వు, ముఖ్యంగా తుంటి, తొడల దగ్గరిది, అంత హాని చేయదు.

గోధుమ కొవ్వు కణంలో చిన్న చిన్న కొవ్వు బొట్లు చాలా ఉంటాయి, వాటి మధ్య మైటోకాండ్రియా కిక్కిరిసి ఉంటాయి. మైటోకాండ్రియాలో ఇనుము కలిగిన సైటోక్రోములు, దట్టమైన రక్తకేశనాళికలు కలిసి ఆ కణజాలానికి గోధుమ రంగునిస్తాయి. ఈ కొవ్వు పుట్టుకకు ముందే ఏర్పడుతుంది. పసిపిల్లల్లో వీపు మీద రెండు రెక్కల ఎముకల మధ్య, మూత్రపిండాల చుట్టూ ఉంటుంది. వణికి వేడి పుట్టించుకునే శక్తి ఇంకా రాని పసికందును చలి నుంచి కాచేది ఇదే.

బేజ్ కణం మామూలు రోజుల్లో తెల్ల కణంలాగే కనిపిస్తుంది. ప్రేరణ అందగానే దాని పెద్ద బొట్టు చిన్న బొట్లుగా విడిపోతుంది, మైటోకాండ్రియా సంఖ్య పెరుగుతుంది, వేడి పుట్టించే ప్రోటీన్ దాదాపు గోధుమ కణాల స్థాయికి చేరుతుంది. అవసరం పడితే పనిలోకి దిగి, అవసరం తీరాక విరమించే ఈ గుణమే బేజ్ కణానికి అసలు లక్షణం.

2. వేడి ఎలా పుడుతుంది

ఏ కణంలోనైనా ఆహారం ఆక్సీకరణ చెందేటప్పుడు వెలువడే శక్తితో మైటోకాండ్రియా ప్రోటాన్లను తన లోపలి పొర ఆవలికి తోడి పోస్తుంది. అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ సింథేజ్ అనే ఎంజైము గుండా వస్తాయి, అప్పుడు కణం పనులకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు తయారవుతుంది. పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించిన ఈ సిద్ధాంతానికి 1978లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

గోధుమ, బేజ్ కణాల్లో ఇదే పొరలో యూసీపీ1 అనే మరో ప్రోటీన్ ఉంటుంది. జలాశయంలో నీరు టర్బైను గుండా వెళితే కరెంటు పుడుతుంది, పక్కనున్న గేటు ఎత్తేస్తే అదే నీరు కరెంటు పుట్టించకుండా కిందికి దూకుతుంది. యూసీపీ1 అలాంటి గేటు. దాని గుండా ప్రోటాన్లు లోపలికి వచ్చినప్పుడు ఏటీపీ తయారు కాదు, శక్తి అంతా వేడిగా మారుతుంది. ప్రోటాన్ల ఒత్తిడి తగ్గిపోవడంతో మైటోకాండ్రియా మరింత వేగంగా కొవ్వును, గ్లూకోజును ఆక్సీకరిస్తుంది. ఆ గేటును తెరిచేవి కణంలోని బొట్ల నుంచి విడుదలైన ఫాటీ ఆమ్లాలు. అంటే ఇంధనమూ అదే, గేటు తెరిచే సంకేతమూ అదే.

ఇలా ప్రోటాన్లను పక్కదారి పట్టించడం ఎంత ప్రమాదకరమో డైనైట్రోఫినాల్ చరిత్ర చెబుతుంది. 1933లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ రసాయనం బరువు తగ్గిస్తుందని ప్రకటించారు. అమెరికాలో చాలామంది దాన్ని మాత్రలుగా మింగారు. అది శరీరంలోని ప్రతి కణంలోనూ ప్రోటాన్లను పక్కదారి పట్టిస్తుంది. కొందరు అదుపు తప్పిన ఒంటి వేడితో చనిపోయారు, మరికొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి. 1938లో వాడకాన్ని ఆపించారు. యూసీపీ1 చేసే పని కూడా రసాయనికంగా అదే. కానీ అది కొన్ని కణాలకే పరిమితం, నాడుల ఆజ్ఞతోనే తెరుచుకుంటుంది, ఆజ్ఞ ఆగితే మూసుకుంటుంది. ఈ అదుపు వల్లనే శరీరానికి హాని లేదు.

3. పరిశోధన నడిచిన దారి

జ్యూరిక్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త కాన్‌రాడ్ గెస్నర్ 1551లో, మంచు కొండల్లో శీతాకాలమంతా నిద్రపోయే మార్మట్ అనే జంతువుల వీపులో ఇటు కొవ్వూ కాని, అటు మాంసమూ కాని కణజాలాన్ని వర్ణించాడు. దాని పని ఏమిటో తేలడానికి నాలుగు శతాబ్దాలు పట్టింది. 1970ల చివర్లో ఫాస్టర్, ఫ్రైడ్‌మన్ చలిలో ఉంచిన ఎలుకల్లో రక్తప్రవాహాన్ని కొలిచి, వణుకు లేకుండా పుట్టే వేడిలో పెద్ద వాటా గోధుమ కొవ్వుదేనని చూపారు. యూసీపీ1ను గుర్తించిందీ ఆ దశకంలోనే. 1979లో రాత్‌వెల్, స్టాక్ రుచికరమైన తిండి మితిమీరి పెట్టిన ఎలుకల్లో గోధుమ కొవ్వు చురుకెక్కుతుందని ప్రకటించారు. దీంతో చలి గురించిన చర్చ ఊబకాయం గురించిన చర్చగా మారింది.

తెల్ల కొవ్వు మధ్య వేడి కణాలు కనిపించిన సంగతి కొత్తది కాదు. 1984లో యంగ్, ఆర్చ్, ఆష్‌వెల్ చలిలో పెంచిన ఆడ చుంచెలుకల గర్భాశయం పక్కనున్న తెల్ల కొవ్వులో అలాంటి కణాలను చూశారు. అవి దారి తప్పి అక్కడికి చేరిన గోధుమ కణాలా, లేక వేరే జాతివా అన్న ప్రశ్న చాలాకాలం అలాగే ఉండిపోయింది.

మనుషుల విషయంలో, పసితనం దాటాక ఈ కొవ్వు పనికిరాకుండా పోతుందన్న అభిప్రాయం పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది. 1981లోనే ఫిన్లండ్ పరిశోధకులు ఆరుబయట చలిలో పనిచేసేవారి మెడ ధమనుల చుట్టూ గోధుమ కొవ్వును గుర్తించినా, ఆ అభిప్రాయం పెద్దగా కదలలేదు. దాన్ని కదిలించింది క్యాన్సర్ వైద్యంలో వాడే పెట్ స్కాన్. రేడియోధార్మిక గ్లూకోజును ఎక్కువగా పీల్చుకునే కణితులను వెతికే ఆ స్కానుల్లో, కణితి లేని చోట, మెడకు ఇరువైపులా, కంటె ఎముక పైన, వెన్నెముక వెంట వెలిగే మచ్చలు కనిపించేవి. స్కాన్ గది చల్లగా ఉన్నప్పుడు అవి ఎక్కువగా కనిపించేవి.

2009 ఏప్రిల్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో మూడు బృందాల పత్రాలు ప్రచురించింది. బోస్టన్ బృందం 1,972 మంది స్కానులు పరిశీలించి ఆడవాళ్లలో 7.5 శాతం మందిలో, మగవాళ్లలో 3.1 శాతం మందిలో చురుకైన గోధుమ కొవ్వును చూసింది. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ బృందం 24 మంది యువకులను 16 డిగ్రీల గదిలో ఉంచి చూస్తే 23 మందిలో అది కనిపించింది. ఫిన్లండ్‌లోని తుర్కు బృందం కణజాలపు ముక్కలు తీసి అందులో యూసీపీ1 ఉందని నిరూపించింది. ఆ ఏడాదే జపాన్‌లోని సపోరో పరిశోధకులు ఆ చురుకు వేసవిలో కంటే చలికాలంలో ఎక్కువని, వయసుతో తగ్గుతుందని చూపారు.

పాత ప్రశ్నకు జవాబు 2012లో వచ్చింది. హార్వర్డ్‌కు అనుబంధమైన డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో బ్రూస్ స్పీగెల్‌మన్ ప్రయోగశాలకు చెందిన జున్ వూ, ఆమె సహచరులు చుంచెలుకల చర్మం కింది కొవ్వు నుంచి కణాలను విడదీసి పెంచారు. వాటిలో కొన్నిటి జన్యు నడవడి తెల్ల కణాలతోనూ, గోధుమ కణాలతోనూ కలవలేదు. వాటికే బేజ్ కణాలని పేరు పెట్టారు. అంతకు ముందు 2010లో స్టాక్‌హోమ్‌లో బార్బరా కానన్, యాన్ నెదర్‌గార్డ్ బృందం ఇలాంటి కణాలనే ‘బ్రైట్’ కణాలని పిలిచింది. పెద్దవాళ్ల మెడ దగ్గరి కొవ్వులో బేజ్ లక్షణాలు ఎక్కువని కొన్ని అధ్యయనాలు చెప్పాయి. మెడ లోతుకు వెళ్లే కొద్దీ అసలైన గోధుమ కొవ్వే ఉందని మరికొన్ని తేల్చాయి. మనిషిలో రెండూ కలిసే ఉంటాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

4. బేజ్ కణాల పుట్టుక

గోధుమ కణాలు పిండదశలో కండర కణాలతో కలిసి ఒకే వంశం నుంచి వస్తాయి. స్పీగెల్‌మన్ బృందంలో ప్యాట్రిక్ సీల్ తదితరులు 2008లో పీఆర్‌డీఎం16 అనే ప్రోటీన్‌ను ఆ కణాల్లో నుంచి తీసేస్తే అవి కండరంగా మారాయని, కండర పూర్వ కణాల్లో దాన్ని ఎక్కువ చేస్తే గోధుమ కొవ్వుగా మారాయని చూపారు. బేజ్ కణాల వంశం వేరు. కొవ్వులోని సన్నని రక్తనాళాల గోడల వెంట ఉండే పూర్వగామి కణాలు వాటికి ప్రధాన మూలం. నున్నని కండర కణాల లక్షణాలున్న పూర్వీకుల నుంచి కూడా కొన్ని పుడతాయని 2014లో తేలింది.

కొత్తగా పుట్టడం ఒక్కటే దారి కాదు. ఇటలీలో సవేరియో చింతి బృందం, ఎదిగిన తెల్ల కణమే నేరుగా వేడి కణంగా మారుతుందని ఎన్నో ఏళ్లుగా వాదించింది. 2013లో రెండు ప్రయోగాలు రెండు పక్షాలకూ బలమిచ్చాయి. ఫిలిప్ షెరర్ బృందం ఉన్న కొవ్వు కణాలన్నిటికీ ముందే గుర్తు వేసి చుంచెలుకలను చలిలో పెట్టగా, చర్మం కింది కొవ్వులో పుట్టిన బేజ్ కణాల్లో ఎక్కువ వాటికి ఆ గుర్తు లేదు, అంటే అవి కొత్తవి. క్రిస్టియన్ వోల్ఫ్‌రమ్ బృందం బేజ్ కణాలకే గుర్తు వేసి, చుంచెలుకలను వెచ్చని చోటికి మార్చి ఐదు వారాలు ఉంచింది. ఆ కణాలు చావలేదు, తెల్ల కణాల రూపంలో బతికే ఉన్నాయి. తిరిగి చలిలో పెడితే వాటిలో కొన్ని మళ్లీ బేజ్‌గా మారాయి. మొదటిసారి చలి తగిలినప్పుడు కొత్త కణాలు ఎక్కువగా పుడతాయని, తర్వాతి సార్లలో పాత కణాలే మేల్కొంటాయని చెబితే రెండు ఫలితాలకూ పొత్తు కుదురుతుంది.

ఈ మార్పును నడిపించేది నాడీవ్యవస్థ. చర్మంలోని చలి గ్రాహకాల సమాచారం మెదడులోని హైపోథాలమస్‌కు చేరుతుంది. అక్కడి నుంచి సహానుభూత నాడులు కొవ్వు కణజాలానికి ఆజ్ఞ మోసుకెళ్లి, చివరల్లో నారడ్రినలిన్ విడుదల చేస్తాయి. అది కొవ్వు కణం మీదున్న బీటా అడ్రినెర్జిక్ గ్రాహకాన్ని తాకుతుంది. చుంచెలుకల్లో బీటా-3 గ్రాహకం ముఖ్యం, మనుషుల్లో బీటా-2 గ్రాహకం పాత్ర ఎక్కువని 2020లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. గ్రాహకం కదలగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది, దానివల్ల రెండు పనులు జరుగుతాయి. నిమిషాల్లో కొవ్వు బొట్లు కరిగి ఫాటీ ఆమ్లాలు వచ్చి యూసీపీ1ను తెరుస్తాయి. గంటల నుంచి రోజుల్లో పీజీసీ-1 ఆల్ఫా అనే ప్రోటీన్ మైటోకాండ్రియాను పెంచే జన్యువులను, యూసీపీ1 జన్యువును మేల్కొలుపుతుంది. పీజీసీ-1 ఆల్ఫాను స్పీగెల్‌మన్ ప్రయోగశాల 1998లో కనిపెట్టింది. థైరాయిడ్ హార్మోన్ ఈ పనికి తోడవుతుంది. కణంలోని ఒక ఎంజైము చురుకు తక్కువైన టీ4ను చురుకైన టీ3గా అక్కడికక్కడే మార్చి పెడుతుంది.

కణం ఏ రకంగా స్థిరపడాలో నిర్ణయించేవి కేంద్రకంలోని ప్రోటీన్లు. పీపార్ గామా కొవ్వు కణంగా మారమంటుంది. ఈబీఎఫ్2, పీఆర్‌డీఎం16 వేడి కణంగా మారమంటాయి. పీఆర్‌డీఎం16 వేడి జన్యువులను తెరవడంతో పాటు తెల్ల కణపు జన్యువులను, వాపును పెంచే జన్యువులను, కణజాలం గట్టిపడేలా చేసే జన్యువులను అణచి ఉంచుతుంది. బేజ్ కణం ఆరోగ్యానికి చేసే మేలు వేడి వరకే ఆగదనడానికి మొదటి ఆధారం ఇక్కడే ఉంది.

నాడులతో పాటు రోగనిరోధక కణాల పాత్ర కూడా బయటపడింది. కొవ్వులో నివసించే ఒక రకం లింఫాయిడ్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-33 ప్రేరణతో ఒక చిన్న పెప్టైడును విడుదల చేసి, బేజ్ కణాల పుట్టుకను పెంచుతాయని 2015లో చూపారు. వ్యాయామంలో కండరం విడుదల చేసే ఐరిసిన్ అనే హార్మోను తెల్ల కొవ్వును బేజ్‌గా మారుస్తుందని 2012లో వచ్చిన పత్రం పెద్ద సంచలనం సృష్టించింది. మనిషి రక్తంలో దాన్ని కొలిచే పద్ధతుల మీద, మనిషిలో ఆ జన్యువు ఎంత సమర్థంగా పనిచేస్తుందన్న దాని మీద చాలా ఏళ్లు వివాదం నడిచింది. చుంచెలుకల్లో దొరికిన ప్రతి ప్రేరకాన్నీ మనిషికి అంటగట్టరాదని ఆ వివాదం హెచ్చరించింది.

5. తిరిగి తెల్లబడటం

చలి తొలగిపోగానే, లేదా నాడుల ప్రేరణ ఆగగానే, బేజ్ కణం తన మైటోకాండ్రియాను తానే విడగొట్టుకోవడం మొదలుపెడుతుంది. కణంలోని స్వయంభక్షణ వ్యవస్థ వాటిని చుట్టుముట్టి జీర్ణం చేసుకుంటుంది. షింగో కజిమురా బృందం 2016లో ఆ వ్యవస్థను ఆపిన చుంచెలుకల్లో, ప్రేరణ ఆగాక కూడా బేజ్ కణాలు ఎక్కువ కాలం నిలిచాయని, వాటికి ఊబకాయం నుంచీ, ఇన్సులిన్ నిరోధకత నుంచీ రక్షణ దొరికిందని చూపింది. దీంతో వైద్యానికి రెండో దారి తెరుచుకుంది. కొత్త కణాలను పుట్టించడం ఒక దారి అయితే, పుట్టినవాటిని పోనివ్వకుండా ఆపడం మరొకటి.

6. యూసీపీ1 లేకుండా పుట్టే వేడి

యూసీపీ1 లేని చుంచెలుకలను 1997లో తయారు చేసినప్పుడు అవి చలికి తట్టుకోలేకపోయాయి, కానీ అనుకున్నట్టుగా లావెక్కలేదు. వాటిని మెల్లమెల్లగా చలికి అలవాటు చేస్తే బతికాయి కూడా. వేడికి వేరే దారులు ఉండాలి. వాటిలో రెండు బేజ్ కణాల్లో దొరికాయి.

మొదటిది క్రియాటిన్ చక్రం. ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసుకుని క్రియాటిన్ ఫాస్ఫోక్రియాటిన్ అవుతుంది. ఆ ఫాస్ఫేటు ఏ పనికీ ఉపయోగపడకుండానే విడిపోతుంది, క్రియాటిన్ మళ్లీ ఏటీపీ కోసం వస్తుంది. ఇలా తిరిగే వృథా చక్రంలో ఏటీపీ ఖర్చవుతూ వేడి పుడుతుంది. లారెన్స్ కజాక్, స్పీగెల్‌మన్ బృందం 2015లో దీన్ని ప్రకటించింది. ఈ చక్రంలోని రెండు అణువులకూ తెలుగువారితో నేరుగా సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య పాఠశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు, 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు. ఫిస్కే, సుబ్బారావు రూపొందించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి వారి పేర్లతోనే జీవరసాయన ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నడిచింది. కండరం శక్తిని ఎలా నిలవ చేసుకుంటుందో చెప్పడానికి పనికొచ్చిన అణువుల జంట, కొవ్వు కణం శక్తిని ఎలా ఖర్చు పెడుతుందో చెప్పడానికి కూడా అక్కరకు వచ్చింది.

రెండోది కాల్షియం చక్రం. కణం లోపలి సంచుల్లోకి కాల్షియంను ఏటీపీ ఖర్చుతో పంపు చేయడం, అది మళ్లీ బయటికి కారిపోవడం నిరంతరంగా సాగుతుంది. ఇందులోనూ మిగిలేది వేడే. కజిమురా బృందం 2017లో దీన్ని బేజ్ కణాల్లో చూపింది.

7. జీవక్రియ ఆరోగ్యం మీద ప్రభావం

బేజ్ కణాల విలువ తూచడానికి అతి మంచి ప్రయోగం వాటిని తీసేసి చూడటం. పాల్ కోహెన్, స్పీగెల్‌మన్ తదితరులు 2014లో కొవ్వు కణాల్లో మాత్రమే పీఆర్‌డీఎం16 లేని చుంచెలుకలను తయారు చేశారు. వాటి గోధుమ కొవ్వు మామూలుగానే పనిచేసింది, బేజ్ కణాలు మాత్రం పోయాయి. కొవ్వు ఎక్కువున్న మేత పెట్టగా బరువు కొద్దిగానే పెరిగింది. కానీ ఇన్సులిన్ నిరోధకత తీవ్రమైంది, కాలేయంలో కొవ్వు చేరింది, చర్మం కింది కొవ్వు పొట్ట లోపలి కొవ్వు లక్షణాలను సంతరించుకుని వాపు కణాలతో నిండింది. బరువులో వచ్చిన మార్పు కంటే జీవక్రియలో వచ్చిన చెడుపు చాలా పెద్దది. బేజ్ కణాలు ఖర్చు చేసే కెలోరీల లెక్కతోనే దీన్ని వివరించలేం. అవి చుట్టూ ఉన్న కొవ్వు కణజాలాన్ని ఆరోగ్యంగా ఉంచుతున్నాయనాలి.

వేడి కణాలు రక్తం నుంచి గ్లూకోజును, ట్రైగ్లిజరైడ్లను, శాఖాశ్రేణి అమైనో ఆమ్లాలను పీల్చుకుంటాయి. చలిలో ఉంచిన చుంచెలుకల్లో గోధుమ కొవ్వు రక్తపు ట్రైగ్లిజరైడ్లను వేగంగా తొలగిస్తుందని 2011లో హాంబుర్గ్ పరిశోధకులు చూపారు. మధుమేహుల రక్తంలో పేరుకునేవి కూడా ఈ పదార్థాలే.

మనుషుల జన్యువుల నుంచి కూడా సాక్ష్యం దొరికింది. ఊబకాయంతో బలమైన సంబంధమున్న ఎఫ్‌టీఓ జన్యుభాగం 2007లో బయటపడినా అది ఎలా పనిచేస్తుందో తెలియలేదు. 2015లో మెలీనా క్లౌస్‌నిట్జర్ తదితరులు ఆ భాగంలోని ఒకే ఒక్క అక్షర మార్పు ఐఆర్‌ఎక్స్3, ఐఆర్‌ఎక్స్5 అనే జన్యువులను పూర్వగామి కణాల్లో అదుపు తప్పిస్తుందని కనిపెట్టారు. ఫలితంగా ఆ కణాలు బేజ్ దారి వదిలి తెల్ల కణాల దారి పడతాయి, వేడి పుట్టించే శక్తి ఐదో వంతుకు తగ్గుతుంది. ఆ అక్షరాన్ని సరిచేస్తే శక్తి తిరిగొచ్చింది.

పెద్ద ఎత్తున మనుషులను పరిశీలించిన అధ్యయనం 2021లో వచ్చింది. న్యూయార్క్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో 52,487 మందికి తీసిన 1,34,529 స్కానులను కోహెన్ బృందం విశ్లేషించింది. చురుకైన గోధుమ కొవ్వు కనిపించినవారిలో 4.6 శాతం మందికి, కనిపించనివారిలో 9.5 శాతం మందికి టైప్-2 మధుమేహం ఉంది. అధిక రక్తపోటు, గుండె ధమనుల జబ్బు, గుండె వైఫల్యం కూడా మొదటి జట్టులో తక్కువ. ఊబకాయులలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపించింది. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేలదు. అయినా లావుగా ఉన్నవారిలో కూడా వేడి కొవ్వు ఉంటే రోగాలు తక్కువగా ఉండటం ఆలోచించదగ్గ సంగతి.

8. చలి, మందులు: మనుషుల్లో జరిగిన ప్రయోగాలు

జపాన్‌లో యొనెషిరో తదితరులు 2013లో కొందరిని ఆరు వారాల పాటు రోజుకు 2 గంటలు 17 డిగ్రీల గదిలో కూర్చోబెట్టారు. వాళ్లలో వేడి కొవ్వు చురుకు పెరిగింది, ఒంటి కొవ్వు కొద్దిగా తగ్గింది. కారం లేని ఒక రకం మిరపలో దొరికే క్యాప్సినాయిడ్లను ఆరు వారాలు ఇచ్చినప్పుడు కూడా చలిలో పుట్టే వేడి పెరిగింది. మాస్ట్రిక్ట్‌లో 2015లో 8 మంది టైప్-2 మధుమేహులను 10 రోజుల పాటు 14–15 డిగ్రీల చలికి అలవాటు చేయగా ఇన్సులిన్‌కు శరీరం స్పందించే గుణం 43 శాతం మెరుగైంది. అయితే ఆ మెరుగుదలలో ఎక్కువ భాగం కండరాల్లో జరిగిన మార్పు వల్ల వచ్చింది, కొవ్వు వాటా చిన్నది. చలి చేసే మేలునంతా బేజ్ కణాల ఖాతాలో వేయరాదనడానికి ఈ ప్రయోగం ఉదాహరణ.

చలి బదులు మందు వాడే ప్రయత్నాల్లో ముందున్నది మిరాబెగ్రాన్. మూత్రాశయం అతిగా స్పందించే జబ్బుకు ఇచ్చే ఈ మందు బీటా-3 గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది. 2015లో ఆరన్ సైపెస్ తదితరులు 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు ఒక్కసారి 200 మిల్లీగ్రాములు ఇస్తే విశ్రాంతిలో శక్తి ఖర్చు రోజుకు 203 కిలోకెలోరీల చొప్పున పెరిగింది. మూత్రాశయ జబ్బుకు ఇచ్చే మోతాదు 25 నుంచి 50 మిల్లీగ్రాములే. ఎక్కువ మోతాదులో గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి కాబట్టి ఆ దారి ఎక్కువ దూరం సాగదు. 2020లో కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఊబకాయులకు రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు ఇచ్చారు. చర్మం కింది కొవ్వులో బేజ్ గుర్తులు పెరిగాయి, గ్లూకోజు అదుపు మెరుగైంది, ఇన్సులిన్ స్పందన పెరిగింది. బరువు మాత్రం తగ్గలేదు. పీఆర్‌డీఎం16 లేని చుంచెలుకల ప్రయోగం చెప్పిన పాఠాన్నే ఈ ఫలితం మనుషుల్లో మళ్లీ చెప్పింది.

9. దక్షిణాసియా వారి సంగతి

భారతీయులు తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే మధుమేహం పాలవుతున్నారు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. పుణేకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఫొటోనే ప్రచురించుకున్నారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచీ 22.3. ఒంటి కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. సన్నగా కనిపించే ఒంట్లో దాగిన కొవ్వును చూపడానికి ఇంతకంటే సూటి రుజువు అక్కర్లేదు.

ఈ తేడాలో వేడి కొవ్వు పాత్ర ఉందా అన్నది సహజమైన ప్రశ్న. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 2014లో దక్షిణాసియా మూలాలున్న 12 మంది, ఐరోపా మూలాలున్న 12 మంది సన్నని యువకులను పోల్చారు. మొదటి జట్టులో విశ్రాంతి శక్తి ఖర్చు 32 శాతం, గోధుమ కొవ్వు పరిమాణం 34 శాతం తక్కువ. దానికి ఒక ఏడాది ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఇలాంటి పోలికే చేసిన మరో బృందానికి అలాంటి తేడా కనిపించలేదు. రెండూ చిన్న అధ్యయనాలు, రెండూ చల్లని దేశంలో జరిగినవి. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే తెలంగాణ, ఆంధ్ర ప్రాంతాల్లో పుట్టి పెరిగినవారికి ఆ ఫలితాలను నేరుగా అన్వయించలేం. ఇక్కడివాళ్లను ఇక్కడే పరిశీలించాలి.

10. హద్దులు

ప్రయోగశాలలో చుంచెలుకలను సాధారణంగా 20–22 డిగ్రీల దగ్గర పెంచుతారు. వాటికి హాయిగా ఉండేది దాదాపు 30 డిగ్రీలు. అంటే మామూలు ప్రయోగంలోని చుంచెలుక ఎప్పుడూ చలిలోనే ఉన్నట్టు, దాని వేడి కొవ్వు ఎప్పుడూ పనిలో ఉన్నట్టు లెక్క. మనిషి బట్టలతో, ఇంటితో తన హాయి వేడిలోనే జీవిస్తాడు. యూసీపీ1 లేని చుంచెలుకలు మామూలు గదిలో లావెక్కకపోయినా, 30 డిగ్రీల దగ్గర లావెక్కుతాయని 2009లో తేలడం ఉష్ణోగ్రత ఎంత ముఖ్యమో చూపింది.

ఎక్కువైతే మంచిదన్న సూత్రం కూడా ఇక్కడ చెల్లదు. తీవ్రంగా కాలిన గాయాలున్నవారిలో, అడ్రినల్ గ్రంథి కణితి అయిన ఫియోక్రోమోసైటోమా ఉన్నవారిలో తెల్ల కొవ్వు బేజ్‌గా మారుతుంది. కొన్ని క్యాన్సర్లలో కణితి విడుదల చేసే పదార్థాలు తెల్ల కొవ్వును వేడి కొవ్వుగా మార్చి, రోగిని చిక్కి శల్యమయ్యేలా చేయడంలో పాలుపంచుకుంటాయని 2014లో చుంచెలుకల్లో చూపారు. ఈ స్థితుల్లో కావలసింది బేజ్ కణాలను ఆపడమే.

వయోజనుల్లో వేడి కొవ్వు మొత్తం బరువు తక్కువ, వయసు పెరిగే కొద్దీ, లావు పెరిగే కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. మందు అవసరం ఎక్కువున్నవారిలోనే ఆ మందు పనిచేయాల్సిన కణజాలం తక్కువగా ఉండటం ఈ రంగానికి పెద్ద చిక్కు. చల్లని నీళ్ల స్నానాలు, ఐస్ గడ్డల తొట్లు, కొవ్వు కరిగించే మాత్రల ప్రకటనలకు ఈ శాస్త్రం ఆధారమివ్వదు. గుండెజబ్బు ఉన్నవారికి హఠాత్తుగా తగిలే తీవ్రమైన చలి ప్రమాదం కూడా.

ఇప్పటివరకు పోగైన సాక్ష్యం తేల్చేది ఇది: బేజ్ కొవ్వు బరువు తగ్గించే దగ్గరి దారి కాదు. కొవ్వు చేరవలసిన చోట చేరేలా, గ్లూకోజూ కొవ్వూ రక్తంలో నిలవ ఉండకుండా, ఇన్సులిన్ మాట శరీరం వినేలా చూడటంలో దానికి పాత్ర ఉంది. ఆ పాత్రను తూకం యంత్రం మీద వెతికితే దొరకదు, గ్లూకోజు, ట్రైగ్లిజరైడ్లు, కాలేయపు కొవ్వు కొలతల్లో వెతకాలి. ఉష్ణదేశాల్లో ఉంటూ సన్నని ఒంట్లో మధుమేహం మోస్తున్న జనాల్లో ఆ కొలతలు ఇంకా జరగవలసి ఉంది. ఆ పనిని భారతీయ వైద్య కళాశాలలు, పరిశోధన సంస్థలు చేపట్టాలి.